నాన్నమ్మ తెచ్చిన మజ్జిగ

అనకాపల్లి బెల్లం బజారు వెనక వీధిలో హిమజ అనే అమ్మాయి ఉండేది. చదువులో చురుకైనదే గాని, తన సొంత మాట మీద ఆమెకు బొత్తిగా నమ్మకం ఉండేది కాదు. ఎవరైనా రాసిచ్చింది చెప్పమంటే గడగడా చెప్పేది. నీకేమనిపిస్తోందని అడిగితే మాత్రం నేలచూపులు చూసేది.

హిమజ డిగ్రీ పూర్తిచేసి, తిండి పదార్థాలు పాడవకుండా నిలవచేసే శాస్త్రం చదవాలని విదేశంలో ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. మార్కులు బాగున్నాయి. కానీ స్కాలర్‌షిప్ వస్తేనే చదువు, లేకపోతే లేదు. అదేమో వీడియోలో జరిగే ఇంటర్వ్యూలో తేలుతుంది.

కోచింగ్ సెంటర్ చలపతి మాస్టారు ఆమెకు జవాబుల కట్ట ఒకటి ఇచ్చాడు. "ఈ చదువే ఎందుకు?" అన్న ప్రశ్నకు అందులో ఒక కన్నీటి కథ ఉంది. చిన్నప్పుడు నాన్నమ్మ పాడైన తిండి తిని కళ్ళముందే కన్నుమూసిందనీ, ఆ రోజే ఈ చదువు చదవాలని నిశ్చయించుకున్నాననీ చెప్పాలి.

"మా నాన్నమ్మ బతికే ఉంది కదండీ మాస్టారూ!" అంది హిమజ.

"వాళ్ళేమైనా చూడొస్తారా అమ్మా? వినేవాళ్ళ మనసు మెత్తబడాలి. అప్పుడే పని అవుతుంది," అన్నాడు మాస్టారు.

హిమజ మనసు కలుక్కుమంది. అయినా చెప్పుకోవడానికి తన దగ్గర ఇంతకంటే మంచి సంగతి ఏముంది గనక అనుకుని, బట్టీ పట్టేసింది.

ఇక ఇంట్లో పొద్దస్తమానం అదే జవాబు. నాన్నమ్మ అప్పలనర్సమ్మ చింతపండులో గింజలు తీస్తూ వింటూ ఉండేది.

"గ్రాండ్‌మదరంటే ఏటే? మాటిమాటికీ అదే అంటన్నావు," అని ఒకరోజు అడిగింది.

"నాన్నమ్మ అని," అంది హిమజ తల తిప్పుకుని.

ముసలావిడ మొహం వెలిగిపోయింది. మనవరాలు పైదేశం వాళ్ళకు తన గురించి చెబుతోందని వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. పాపం, ఏం చెబుతోందో అడగాలని ఆవిడకు తోచలేదు.

ఇంటర్వ్యూ రోజు తెర మీద ఒక పెద్దావిడ, ప్రొఫెసరమ్మ, కనిపించింది. హిమజ ఒక్క అక్షరం పొల్లుపోకుండా కథ అప్పజెప్పింది. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి, "అయ్యో, అంత చిన్నతనంలోనే!" అంది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అప్పలనర్సమ్మ గ్లాసుతో వచ్చింది.

"గొంతెండిపోతాది తల్లీ, ఈ మజ్జిగ తాగి సెప్పు," అంది. తెరలో మనిషిని చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని, "గ్రాండ్‌మదర్!" అంది గర్వంగా.

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆవిడను చూసింది. తర్వాత, "మీరు చెప్పిన నాన్నమ్మ వేరే ఆవిడా?" అని మెల్లగా అడిగింది.

మాస్టారిచ్చిన కట్టలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. హిమజ తల వంచుకుంది. ఇంటర్వ్యూ అంతటితో ముగిసింది. స్కాలర్‌షిప్ రాలేదు.

"నా వల్లే సెడిందా? అసలు ఏటి సెప్పినావే నా గురించి?" అని అడిగింది నాన్నమ్మ.

హిమజ ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ముసలావిడ చేతిలో చింతపండు పక్కన పెట్టింది.

"నాను సచ్చిపోనానని ముందే సెప్పుంటే, మజ్జిగ తెచ్చేదాన్ని కాదు కదే," అంది.

హిమజకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నాన్నమ్మే ఆమె తల నిమిరింది.

"నన్ను సంపడం దేనికే? వానాకాలం బెల్లం నీరు కారిపోతాదని సిన్నప్పుడు ఎంత గోల సేసేదానివి! ఒక ముక్క బూడిదలో, ఒక ముక్క బియ్యంలో, ఒకటి ఆకులో సుట్టి దాసి, లేవగానే పోయి సూసుకునేదానివి. సీమలు పడతన్నాయని నాను తిట్టేదాన్ని. ఆ కత సెప్పలేకపోనావా?"

"అదీ ఒక కథేనా నాన్నమ్మా?"

"నీది కదా!" అంది అప్పలనర్సమ్మ.

మరుసటి ఏడు ఇంకో విశ్వవిద్యాలయం వాళ్ళు అదే ప్రశ్న అడిగారు. హిమజ తడబడుతూ, మాటలు వెతుక్కుంటూ బెల్లం ముక్కల సంగతి చెప్పింది. వాళ్ళు మధ్యలోనే ఆపి ప్రశ్న మీద ప్రశ్న వేశారు. తన కళ్ళతో చూసిందే కాబట్టి అన్నింటికీ జవాబు దొరికింది. చివర్లో తనే లేచి వెళ్ళి, నాన్నమ్మను చెయ్యి పట్టుకుని తెర ముందుకు తీసుకొచ్చింది. "గ్రాండ్‌మదర్," అంది. ఆ ఏడు స్కాలర్‌షిప్ వచ్చింది.

తమ దగ్గర ఉన్నదాన్ని చిన్నచూపు చూసుకునేవాళ్ళే అబద్ధాన్ని అరువు తెచ్చుకుంటారు. మన నిజం ఎంత చిన్నదైనా, నలుగురి ముందు మన పక్కన నిలబడేది అదొక్కటే.