నీలవేణికి నాట్యంలో సీటు

కొండకు దిగువన, వాగు గట్టు మీదున్న అడవిలో వడ్రంగి పిట్టకు పని లేని రోజంటూ ఉండదు. వానలు పడేలోగా చిలకలకీ, గోరింకలకీ, గుడ్లగూబలకీ తొర్రలు కావాలి. తొర్ర తొలిచి పెడితే కూలి కింద మేడిపళ్ళో, కొవ్విన పురుగులో ముట్టుతాయి. భద్రాచారి అనే వడ్రంగి పిట్ట, అతని భార్య కాటమ్మ ఆ కూలితోనే ఒక్కగానొక్క కూతురు నీలవేణిని పెంచుకొచ్చారు.

నీలవేణికి రెక్కలు గట్టిపడి చదువు వయసు వచ్చింది. ఆ సంగతి తల్లిదండ్రులకంటే ముందు జంబన్నకు తెలిసింది. జంబన్న ఒక నక్క. పళ్ళు ఊడాక వేట మానేసి, బడుల్లో సీట్లు ఇప్పించే పనిలో దిగాడు.

"ఏం భద్రన్నా! అమ్మాయిని గుట్టమీది నెమళ్ళ బడిలో వేద్దామా? ఆ బడి పేరు చెబితే ఏనుగు కూడా దారి ఇస్తుంది," అన్నాడు చెట్టు కింద చేరి.

భద్రాచారి కళ్ళు మెరిశాయి. "అక్కడ వడ్రంగం నేర్పుతారా?"

"నేర్పకేం! కాకపోతే ఆ సీట్లు ఎప్పుడో నిండిపోయాయి. నాట్యంలో ఒక్కటుంది."

లోపల గూడు సర్దుతున్న కాటమ్మ ఒక్క ఉదుటున బయటికొచ్చింది. "నాట్యమా? ముక్కుతో బతికే జాతి మాది. కాళ్ళతో ఏం సంపాదిస్తాం అన్నా?"

"ఏ చదువైతే ఏంటి చెల్లెమ్మా? అక్కడ చదివితే చాలు. రేపు పని ఇచ్చేవాళ్ళు ఆ బడి ఇచ్చే నెమలీక తల మీద ఉందా అని చూస్తారుగానీ, ఏం నేర్చావని ఎవరడుగుతారు?"

"పేరు గొప్ప, ఊరు దిబ్బ! వాగు ఒడ్డున ముసలి లక్కమ్మ దగ్గర వడ్రంగం నేర్చుకుంటుందిలే. మీ చెల్లెలి కూతురు రాజ్యం అక్కడే చేరుతోందిగా," అంది కాటమ్మ మొగుడితో.

"లక్కమ్మది ఒక బడా? కాలిపోయిన మోడు. పైన ఆకు కూడా లేదు." భద్రాచారి గొంతు తగ్గించాడు. "కాటం, మా నాన్న తొర్ర తొలిచాడు, నేనూ తొలిచాను. మనల్ని ఏ చిలకైనా 'రండి, కూర్చోండి' అందా? నా బిడ్డని అనాలి."

కాటమ్మ మళ్ళీ గూడు సర్దుకోడానికి లోపలికెళ్ళింది. నీలవేణికి రాజ్యంతో వెళ్ళాలనే ఉంది. కానీ తండ్రి ముఖం చూసి, "సరే నాన్నా," అంది. జంబన్నకు ఒక తేనెపట్టు ముట్టింది.

రెండేళ్ళు గడిచాయి. నిజం చెప్పాలంటే నీలవేణికి నాట్యం బాగానే వచ్చింది. ఇష్టం కూడా కలిగింది. కానీ తొలకరి పండగలకు ఆట కావాలని ఎవరు వచ్చినా నెమళ్ళనే పిలుచుకుపోయేవారు. పొట్టి తోక పిట్టను ఎవరు పిలుస్తారు? చివరికి తల మీద నెమలీకతో ఇంటికొచ్చింది. భద్రాచారి ఆ ఈకను అడవంతా తిప్పి చూపించాడు.

ఆ రోజుల్లోనే పార్వతమ్మ అనే గుడ్లగూబ గుడ్లు పెట్టే వేళయి తొర్ర కోసం కబురు పెట్టింది. రాజ్యం తెల్లవారకముందే వెళ్ళి కొమ్మ మీద కూర్చుంది. వెనకాలే జంబన్న నీలవేణిని వెంటబెట్టుకొచ్చాడు.

"నువ్వెక్కడ చదివావమ్మా?" అని రాజ్యాన్ని అడిగింది పార్వతమ్మ.

"వాగు ఒడ్డున లక్కమ్మ గారి దగ్గరండీ."

"ఊఁ, చూద్దాంలే. మరి నువ్వు?"

నీలవేణి నోరు తెరిచేలోగా జంబన్న అందుకున్నాడు. "ఆ ఈక చూడలేదా తల్లీ? నెమళ్ళ బడి!"

"అయ్యో, రామ్మా, కూర్చో!" అంది పార్వతమ్మ.

"అమ్మా, నేను చదివింది నాట్యం. చెక్క పని నాకు..." అని నసిగింది నీలవేణి.

"అంత పెద్ద బడిలో చదివినదానికి ఇదొక లెక్కా? మొదలుపెట్టు."

నీలవేణి పాపం ఒళ్ళు దాచుకోలేదు. మూడు రోజులు ముక్కు నొప్పెట్టేలా తొలిచింది. నిలబడ్డానికి వీలుగా ఉందని వాలు కొమ్మకు పైపక్కన తొలిచింది. వాలు కొమ్మకు ఎప్పుడూ కిందిపక్కనే తొలవాలి. అది లక్కమ్మ బడిలో మొదటి రోజు పాఠం.

మొదటి వాన దంచి కొట్టింది. తొర్ర కుండలా నిండింది. గుడ్లు నీళ్ళలో తేలుతుంటే పార్వతమ్మ పెట్టిన కేక వాగు అవతలికి వినిపించింది. ఆ వానలోనే రాజ్యం వచ్చింది. కొమ్మను ముక్కుతో అక్కడక్కడ కొట్టి, చెవి ఆనించి విని, ఒక చోట టకటకా కన్నం పొడిచింది. నీళ్ళు ధారగా కారిపోయాయి. గుడ్లు దక్కాయి.

నీలవేణి తడుస్తూ అక్కడే నిలబడిపోయింది. రాజ్యం దగ్గరికొచ్చి రెక్క కప్పింది. "ఏడవకే. నన్ను ఆడమంటే నేను కొమ్మ మీంచి పడి చచ్చేదాన్ని."

ఇంటికొచ్చి నీలవేణి తండ్రికి ఒకటే మాట చెప్పింది. "నాన్నా, ఈక చూసి పిలుస్తున్నారు. పిలిచాక చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. రేపట్నుంచి లక్కమ్మ గారి దగ్గరికి వెళ్తాను."

"నీకంటే చిన్న పిల్లలుంటారు తల్లీ అక్కడ."

"ఉండనీ."

భద్రాచారి ఆ పూట తిండి ముట్టలేదు. మర్నాడు కూతుర్ని ఆ కాలిన మోడు దాకా తనే దిగబెట్టి, లక్కమ్మకు తల వంచి దండం పెట్టాడు. "తప్పు నాదమ్మా. దాన్ని ఏమీ అనకండి."

"మోడు మీద ముక్కుతో నాలుగు దెబ్బలు కొట్టించి చూస్తా. లయ తెలిసిన పిల్ల, తొందరగానే పట్టుకుంటుంది," అంది లక్కమ్మ.

వారం తిరక్కుండా జంబన్న పరుగెత్తుకొచ్చాడు. అతను కాపురముండే బోలు దుంగలో మోకాలి లోతు నీళ్ళు. అప్పుడు మేడి చెట్టు మీద పక్షులన్నీ మేతకు చేరి ఉన్నాయి. పిల్లల సీట్ల కోసం జంబన్నతో మాట్లాడుకున్న కుందేళ్ళు, ముళ్ళపందులు కింద ఉన్నాయి.

"చెల్లెమ్మా, రాజ్యం ఎక్కడ? దుంగకి కన్నం పెట్టాలి."

కాటమ్మ తాపీగా ముక్కు తుడుచుకుంది. "రాజ్యం ఎందుకన్నా? అది మోడు కింద చదివింది. మా నీలవేణిని పంపుతాగా. నెమళ్ళ బడి!"

"వద్దొద్దు!"

"ఏం? ఈక పెట్టుకునే వస్తుందిలే."

"ఈక ఏం చేసుకోను? పుచ్చిన చోట పొడిస్తే దుంగ నా నెత్తినే కూలుతుంది. నాకు పని తెలిసినవాళ్ళు కావాలి!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే చెట్టంతా వినేసింది. ముందు ఒక చిలక కిసుక్కుమంది. తర్వాత అడవి అడవంతా నవ్వింది. భద్రాచారి కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఒక ముసలి కుందేలు ముందుకొచ్చింది. "జంబన్నా, మా పిల్లకి పరుగు కోర్సు ఏ బడిలో బాగుంటుందో మేమే వెతుక్కుంటాంలే. నువ్వు శ్రమపడకు."

రాజ్యం కొమ్మ మీంచి వంగి, "మామా, చిలకలవి ఏడు తొర్రలున్నాయి, గోరింకలవి నాలుగు. అవి అయ్యాక మీదే," అంది.

అవి అయ్యేసరికి వానలు వెనకబట్టాయి. ఆ వానాకాలమంతా జంబన్న ఒక టేకాకు నెత్తిన పెట్టుకుని, తడిసిన తోక పిండుకుంటూ గడిపాడు.

బడి పేరు పిలిపిస్తుంది, నేర్చిన పనే తిండి పెడుతుంది.