ఎక్కడికని అడిగిన తాబేలు

నది సముద్రంలో కలిసే చోట, సగం నీటిలో సగం నేల మీద నిలబడి, పొన్నమడ అనే అడవి ఉండేది. అక్కడి చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకు వస్తాయి. ఆ అడవిలో బావురుపిల్లులు, నీటికుక్కలు, కోతులు, నక్కలు, ఎండ్రకాయలు, కొంగలు కలిసి ఉండేవి. కలిసి అంటే పోట్లాడుకోకుండా అని కాదు. ఎంత పోట్లాడుకున్నా మళ్లీ ఒకే గుంటలో నీళ్లు తాగేవి.

ఆ గుంట మీదే అడవంతా బతికేది. చుట్టూ ఎంత నీరున్నా అంతా ఉప్పునీరే. తియ్యటి నీళ్లు ఆ ఒక్క గుంటలోనే ఉండేవి. ఒక వేసవిలో సముద్రం పొంగి గుంటలోకి వచ్చింది. తెల్లారి చూస్తే గుంట నీళ్లు నోట్లో పెట్టుకునేలా లేవు.

పెద్ద జంతువులు ఆకుల మీద మంచు నాకి, లేత కాడలు నమిలి, రెండు రోజులు ఎలాగో నెట్టుకొచ్చాయి. బావురుపిల్లి నూకాలు మాత్రం నెట్టుకురాలేకపోయింది. ఆమె నాలుగు రోజుల క్రితమే మూడు పిల్లల్ని కంది. వాటికింకా కళ్లయినా తెరుచుకోలేదు. తల్లికి నీళ్లు లేకపోతే పాలెక్కడివి?

"రేపు సాయంత్రానికైనా గుక్కెడు నీళ్లు దొరక్కపోతే నా పిల్లలు నాకు దక్కవు" అంది నూకాలు.

సముద్రంలో కొంత దూరాన చెలమదిబ్బ అనే ఇసుక దీవి ఉంది. అక్కడ ఇసుకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి. అడవికి ఒక పాత పడవ కూడా ఉంది. ఆ పడవకు సరంగు కోతి కోదండం. పడవ నడిపే పెద్దను ఆ ఒడ్డున సరంగు అంటారు. కోదండం తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని, చుక్కాని పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. తెడ్డు వేసే పని నీటికుక్క గవరయ్యది. చెమటంతా గవరయ్యది, పేరంతా కోదండానిది.

మర్నాడు తెల్లవారుజామున పడవలో ఆరు కుండలు పెట్టారు. సముద్రం అప్పుడే నిండుగా పోటు మీద ఉండి, వెనక్కి తీయడం మొదలుపెట్టింది. నీళ్లు వెనక్కి తీసేటప్పుడు పడవ వాటితో పాటు హాయిగా సముద్రంలోకి సాగిపోతుంది. అడవి అంతా ఒడ్డున నిలబడింది. నూకాలు ఒక మూల కూర్చుని రెండు చేతులూ జోడించింది.

కోదండం ఠీవిగా పడవలో కాలు పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే ముసలి సముద్రపు తాబేలు పోలమ్మ ఇసుకలోంచి మెడ చాపి అడిగింది.

"ఎక్కడికి నాయనా? ఏ దారిన వెళ్తున్నావు? ఎప్పటికి తిరిగొస్తావు?"

ఒడ్డంతా ఉలిక్కిపడింది. ఒక కొంగ నోట్లోంచి చేప జారిపోయింది.

ఎందుకంటే పొన్నమడలో బయల్దేరేవాణ్ణి ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే పని చెడుతుందని అక్కడి నమ్మకం. పడవ ఎక్కినవాడు వెనక్కి చూడకూడదని ఇంకో నమ్మకం కూడా ఉంది. ఇవి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. కానీ అందరూ పాటిస్తారు.

"ఏంటత్తా ఈ అపశకునం మాట!" అని కోదండం పెట్టిన కాలు వెనక్కి తీశాడు. "ఇన్నేళ్లొచ్చాయి, ఆ మాత్రం తెలీదా నీకు?"

"అడగకపోతే మీరు రానప్పుడు ఎక్కడని వెతకాలిరా?" అంది పోలమ్మ.

"నేను రాకపోవడమేంటి? నేను సరంగుని!"

అలాంటి మాట ఎవరైనా అడిగితే ఇంట్లోకి వెళ్లి, కాసిని మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరడం అక్కడి అలవాటు. ఇప్పుడు తాగడానికి నీళ్లే లేవు. నీళ్ల కోసమే కదా ఈ ప్రయాణం! కోదండానికి ఏం చేయాలో తోచలేదు. చివరికి ఎవరైనా శుభంగా ఎదురొస్తే గానీ కదలనని ఒడ్డున చతికిలబడ్డాడు.

ఒక ఎండ్రకాయ ఎదురొచ్చింది. "నువ్వు అడ్డంగా వచ్చావు, లెక్కలోకి రావు పో" అన్నాడు కోదండం. ఎండ్రకాయ మొహం చిన్నబుచ్చుకుని అడ్డంగానే వెళ్లిపోయింది. కొంగ ఒంటికాలి మీద వచ్చింది. అదీ పనికిరాలేదు.

"అన్నా, నీళ్లు తీసేస్తున్నాయి" అని గవరయ్య రెండుసార్లు చెప్పాడు. కోదండం వినిపించుకోలేదు. అతను శకునం కోసం చూస్తున్నాడు గానీ సముద్రం కేసి చూడటం లేదు. సముద్రం ఎవరి శకునం కోసమూ ఆగదు.

ఆ ఖాళీలో గవరయ్య పోలమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. "అత్తా, నువ్వడిగిన దానికి నేను చెప్తాను. చెలమదిబ్బకే వెళ్తున్నాం. తిన్నగా నది సముద్రంలోకి పారే కాలువ దారిలో. పొద్దు ఆ తాటిచెట్టు నెత్తి మీదికి దిగేసరికి తిరిగొస్తాం" అన్నాడు.

పోలమ్మ కళ్లు చెమర్చాయి. "చల్లగా ఉండు నాయనా. మా ఆయన వెళ్లిన రోజున ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఎన్ని నెలలు ఎటువైపు వెతికామో! ఆయన వెళ్లిన వైపు తప్ప అన్ని వైపులా వెతికామని తర్వాత తెలిసింది" అంది.

ఒడ్డు వెంబడి మెడ తిప్పి చూపించింది. "అదిగో, నీటి అంచున ఎండిపోయిన తెల్లటి మడచెట్టు. దాని వెనకాల దూరంగా తాటిచెట్టు. నీళ్లలోంచి చూస్తే ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి నిలిస్తే నువ్వు కాలువలో ఉన్నట్టు. తాటిచెట్టు ఏ పక్కకు బయటపడితే నువ్వు ఆ పక్కకు తప్పినట్టు. వెళ్లేటప్పుడే వెనక్కి తిరిగి చూసుకో. వచ్చేటప్పుడు నీకు కనపడే ఒడ్డు అదే."

"మరి వెనక్కి చూడకూడదంటారు కదత్తా?"

"ఇంటి దారి వెనకే ఉంటే ఇంకెటు చూస్తావురా?" అంది పోలమ్మ. "ఇంకో మాట. చెప్పిన వేళకు మీరు రాకపోతే తాటిచెట్టు కింద నూనె డబ్బా కొట్టిస్తాను. మూడు దెబ్బలు, ఆగి ఒక దెబ్బ."

ఎండ బాగా ఎక్కాక ఒక నక్క అటుగా వచ్చింది. కోదండం ఎగిరి గంతేశాడు. "ఇంక చూసుకోండి! నక్క తోక తొక్కినట్టే!" అన్నాడు. వచ్చిన నక్కకు మాత్రం సంగతేమీ తెలీదు. తన తోక ఎవరైనా తొక్కుతారేమోనని అది తోక ముడుచుకుని వెళ్లిపోయింది.

పడవ కదిలింది. గవరయ్య తెడ్డు వేస్తూ మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూశాడు. తెల్లటి చెట్టు, దాని వెనక తాటిచెట్టు. రెండూ ఒకే గీత మీద ఉన్నాయి.

"ఒరేయ్, వెనక్కి చూస్తావేంట్రా! మునుగుతాం!" అని అరిచాడు కోదండం.

నది సముద్రంలో కలిసే చోట నీటి కింద ఇసుక మేట ఒకటి ఉంది. తెల్లవారుజామున అయితే దాని మీద నిలువెత్తు నీరుండేది. ఇప్పుడు లేదు. గవరయ్య గెడ దించి చూశాడు. "నడుం లోతు" అన్నాడు. మరి కాస్త వెళ్లి మళ్లీ దించాడు. "అన్నా, మోకాలి లోతే. ఆపు."

"సరంగుకి లోతు చెప్తావా?" అన్నాడు కోదండం. ఆ మాట పూర్తికాకముందే పడవ ఇసుకలో కూరుకుపోయి ఆగింది. కోదండం ముందుకు పడి తలగుడ్డతో సహా నీళ్లలో తేలాడు.

తోశారు, లాగారు, తిట్టుకున్నారు. పడవ జానెడు కూడా కదల్లేదు. మళ్లీ పోటు వచ్చి నీరు పెరిగే దాకా మాడే ఎండలో కూర్చోవడం తప్ప వేరే దారి లేకపోయింది. అక్కడ ఒడ్డున నూకాలు క్షణమొక యుగంగా గడుపుతోందని గవరయ్యకు తెలుసు. కోదండానికీ తెలుసు. అందుకే అతను తల ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక నీరు పెరిగి పడవ తేలింది. ఇప్పుడు నీళ్లు ఎదురు తోస్తున్నాయి. గవరయ్య రెక్కలు పడిపోయేలా తెడ్డు వేసి చెలమదిబ్బ చేరాడు. చెలమ తవ్వి, ఊరిన నీళ్లు దోసిళ్లతో ఎత్తి, ఆరు కుండలూ నింపారు. పొద్దు అప్పటికే తాటిచెట్టు దాటి కిందికి వాలిపోయింది.

సగం దూరం వచ్చేసరికి సముద్రం మీంచి నల్లటి మబ్బు కమ్ముకొచ్చింది. ఒక్కసారిగా వాన. ముందు చెట్లు మాయమయ్యాయి, తర్వాత ఒడ్డు మాయమైంది. చివరికి పడవ ముందు భాగం కూడా సరిగ్గా కనిపించలేదు.

"అదిగో ఒడ్డు!" అని కోదండం ఒక నల్లటి మసక కేసి చుక్కాని తిప్పాడు.

"అది ఒడ్డు కాదన్నా, మబ్బు! అటు వెళ్తే నడిసముద్రమే. దారి తెలీనప్పుడు వెళ్లకూడదు, లంగరు వేయాలి" అని గవరయ్య లంగరు రాయిని నీళ్లలోకి జారవిడిచాడు.

అలలు పడవను ఊపేస్తున్నాయి. కోదండానికి ప్రాణభయం పట్టుకుంది. పడవ తేలికవుతుందని ఒక కుండ ఎత్తి నీళ్లలో పారేశాడు. రెండోదీ పారేశాడు. మూడో కుండ మీద చెయ్యి వేయగానే గవరయ్య దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"ఇది నూకాలు పిల్లలదన్నా. నన్ను పారెయ్ గానీ దీన్ని పారేయనివ్వను!"

కోదండం కుండ వదిలేశాడు. పడవ అడుగున కూలబడి ఏడ్చేశాడు. "ఇక మనం ఎక్కడున్నామో ఎవరికి తెలుస్తుందిరా?" అన్నాడు.

"పోలమ్మత్తకు తెలుసు" అన్నాడు గవరయ్య.

అప్పుడు వినపడింది. వాన చప్పుడులో దూరంగా, సన్నగా. డం డం డం. ఆగి, డం.

గవరయ్య చెవులు రిక్కించాడు. మళ్లీ వచ్చింది. వాన సముద్రం మీదే, అడవిలో చినుకైనా పడలేదు. పొద్దు వాలినా పడవ రాలేదని ఒడ్డున పోలమ్మ డబ్బా కొట్టిస్తోంది. ఎండ్రకాయలు, కొంగలు, నక్కలు వంతులేసుకుని కొడుతున్నాయి. వాన జోరు తగ్గేదాకా లంగరు మీదే ఆగి, తర్వాత గవరయ్య రాయి పైకి లాగి చప్పుడు కేసి తెడ్డు వేశాడు. కాసేపటికి తెర తీసినట్టు వాన పలచబడింది. తెల్లటి చెట్టు కనపడింది. తాటిచెట్టు దానికి కుడిపక్కన ఉంది.

"కుడికి తప్పాం. ఎడమకు తిప్పన్నా" అన్నాడు గవరయ్య.

కోదండం వెంటనే చుక్కాని తిప్పాడు. తాటిచెట్టు మెల్లగా జరిగి తెల్లటి చెట్టు వెనక్కి వచ్చి నిలబడింది. ఆ రెండూ ఒకటైన క్షణాన గవరయ్య తెడ్డు వదిలి దణ్ణం పెట్టుకున్నాడు. ఒడ్డు మీద చెట్లను చూసి అంత ఆనందం అతనికి ఎప్పుడూ కలగలేదు.

ఇంకా వెలుగుండగానే పడవ ఒడ్డుకు చేరింది. మొదటి దోసెడు నీళ్లు నూకాలు తాగింది. కొంతసేపటికి మూడు పిల్లలూ తల్లి పొట్టకు అతుక్కుని చప్పరించడం మొదలుపెట్టాయి. ఆ చిన్న చప్పుడు వింటూ అడవంతా ఊపిరి పీల్చుకుంది.

అందరికీ నీళ్లు పంచారు. కోదండం మాత్రం దూరంగా వెళ్లి కూర్చున్నాడు. "రెండు కుండలు పారేశాను. నా వంతు ఆ కుండల్లోనే పోయింది" అన్నాడు. నూకాలు నెమ్మదిగా లేచి వచ్చి తన చిప్పలో మిగిలిన నీళ్లు అతని ముందు పెట్టింది.

"పారేసిన వాడివీ నువ్వే, తెచ్చిన వాడివీ నువ్వే. తాగు. మీ ఇద్దరి మేలు నా పిల్లలు పెద్దయ్యాక కూడా చెప్పుకుంటారు" అంది. కోదండం ఆ నీళ్లు కళ్లకద్దుకుని తాగాడు. తలకున్న ఎర్రగుడ్డ విప్పి గవరయ్య చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి గవరయ్యే సరంగు. కోదండం తెడ్డు పట్టాడు.

మూడు రోజుల తర్వాత పడవ మళ్లీ నీళ్లకు బయల్దేరింది. తెల్లవారుజామే, నిండు పోటు మీదే. గవరయ్య ఎక్కి కూర్చున్నాడు. కోదండం ఒక కాలు పడవలో, ఒక కాలు ఒడ్డున పెట్టి కదలకుండా నిలబడ్డాడు.

"మళ్లీ శకునం కోసమా?" అని నవ్వింది నక్క.

కోదండం ఇసుకలో ఉన్న పోలమ్మ కేసి చూశాడు. "కాదు. ఎక్కడికి అని అత్త ఇంకా అడగలేదు" అన్నాడు.

పోలమ్మ మెడ చాపింది. ఒడ్డంతా వినపడేలా అడిగింది. "ఎక్కడికి నాయనా?"

నీతి: వెళ్లే దారి, వచ్చే వేళ మన వాళ్లకు చెప్పి బయల్దేరాలి, ఎక్కడికి అని అడిగేవాళ్లు ఉండటమే మన అదృష్టం.