హాలీ చెట్టుకు సగం ముళ్ళే ఎందుకు?

ఒకప్పుడు హాలీ చెట్టుకు ఒక్క ముల్లు కూడా ఉండేది కాదు. క్రిస్మస్ కార్డుల మీద ఎర్రెర్రటి పండ్లతో కనిపిస్తుందే, ఆ చెట్టే. దాని ఆకులు అప్పట్లో అడుగునుంచి చిటారుదాకా తమలపాకుల్లా నున్నగా ఉండేవి.

ముళ్ళు లేవు గానీ భయం మాత్రం బోలెడు ఉండేది. ఎందుకుండదూ? ఆ చలిదేశపు కొండ మీద మంచు పడిందంటే చెట్లన్నీ మోడులైపోయేవి. పచ్చగా మిగిలేది హాలీ ఒక్కతే. ఆకలేసిన ప్రతి జింకా నేరుగా దాని దగ్గరికే వచ్చేది.

ఆ ఏడు మంచు ముందుగానే పడింది. జింకలు కింది కొమ్మలు సగం దూసేసి, మెడలు సాచి పై వాటికి ఎగబడ్డాయి.

"ఒసే పిట్టా, ఇలాగైతే పండగనాటికి నాకు ఒక్క ఆకైనా మిగులుతుందా? ఆగ్నెసమ్మకు ఏమివ్వను?" అని హాలీ వణికింది.

"నీ ఆకుల కంటే ఆవిడ గురించే నీకు బెంగ ఎక్కువైంది అత్తా," అంది కొమ్మల్లో కాపురముండే పిట్ట.

బెంగే మరి. అది కాగితపు నక్షత్రాలూ, కరెంటు దీపాలూ ఇంకా పుట్టని కాలం. కొండ కింద ఊళ్ళో క్రిస్మస్‌కు ప్రతి తలుపుకూ ఒక పచ్చని కొమ్మ కట్టేవారు. పండగ పాటలు పాడేవాళ్ళు కొమ్మ ఉన్న గడపే తొక్కేవారు. కొమ్మ లేకపోతే ఆ ఇంట్లో పండగ లేదనుకుని తలవంచుకుని వెళ్ళిపోయేవారు. ఊరి చివరి ఇంటి ఆగ్నెసమ్మ ఏటా ఆ కొమ్మ హాలీ దగ్గరే తుంచుకునేది. ఆవిడ భర్త ఆ ఏడు కోతలప్పుడే పోయాడు. పిల్లల్లేరు. ఆ ఒక్క పూటైనా తన ఇంట్లో నలుగురి గొంతులు వినపడాలని ఆవిడ ఆశ.

పండగ రోజు జింకలు మళ్ళీ కొండెక్కుతూ కనిపించాయి.  కొండలన్నిటా మంచు కురిపిస్తూ ఆ దారిన పోతున్న మంచుతాతను హాలీ పిలిచింది.

"తాతా, నాకు ముళ్ళివ్వు! నన్ను ముట్టుకున్న ప్రతివాళ్ళకీ గుచ్చుకోవాలి!"

"బాగా ఆలోచించుకున్నావా? ఇచ్చింది నేను తిరిగి తీసుకోను."

"ఆలోచించే తీరికెక్కడిది? అవిగో, వచ్చేస్తున్నాయి!"

తాత కిందినుంచి ఊదడం మొదలుపెట్టాడు. ఊపిరి తగిలిన ఆకులన్నీ ముడుచుకుని, అంచులకు ముళ్ళు మొలిచాయి. మూతి పెట్టిన జింక అదిరిపడి వెనక్కి గెంతింది. హాలీకి ప్రాణం లేచొచ్చింది.

"ఊదు తాతా, ఊదు! చిటారుదాకా ఊదు!"

అంతలో "అబ్బా!" అన్న కేక వినపడింది.

ఆగ్నెసమ్మ! చలికి పగిలిన చేతితో కింది కొమ్మ పట్టుకుంది. అరచెయ్యంతా నెత్తురు.

"నువ్వు కూడానా?" అంది ఆవిడ, చెట్టుకేసి చూసి.

హాలీ కెవ్వుమంది. "ఆపు తాతా, ఆపు!"

తాత ఆపాడు. అప్పటికి ముళ్ళు జింక మూతి అందేంత ఎత్తుకు వచ్చేశాయి. ఆ పైన ఆకులింకా నున్నగానే ఉన్నాయి గానీ, అంత ఎత్తు ఆగ్నెసమ్మకు ఎలా అందుతుంది? ఆవిడ చేతికి గుడ్డ చుట్టుకుని వెనక్కి తిరిగింది.

"అత్తా! పాటలవాళ్ళు బయల్దేరారు!" అని పిట్ట పైనుంచి అరిచింది.

"తాతా, ముళ్ళు తీసుకోకపోతే పోనీ. నీ దగ్గరున్న మంచు మొత్తం నా నెత్తిన పోసెయ్!"

"విరిగిపోతావే పిచ్చిదానా!"

"విరగనీ!"

తాత మంచు కుమ్మరించాడు. హాలీ వంగింది. మాను కిర్రుమంది. అయినా ఇంకా వంగింది. చిటారుకొమ్మ ఆగ్నెసమ్మ భుజాన్ని తాకింది. ఆవిడ ఉలిక్కిపడి పక్కకు జరిగింది. తర్వాత భయంభయంగా, ఒక్క వేలితో ఆకు అంచు తడిమి చూసింది. ముల్లు లేదు.

ఒక కొమ్మ తుంచుకుంది. ఇంకొకటి తుంచి, దూరంగా బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ జింక ముందు వేసింది. గబగబా కొండ దిగిపోయింది.

ఆ సాయంత్రం హాలీ ఊపిరి బిగబట్టి వింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. కొమ్మ కట్టే వేళకు పాటలవాళ్ళు దాటిపోయారేమోనని దాని ఆకులన్నీ గజగజలాడాయి. అప్పుడు కొండ కింద చివరి ఇంట్లోంచి పాట లేచింది. అన్ని గొంతుల మధ్యా కాస్త వణుకుతూ ఆగ్నెసమ్మ గొంతు కూడా ఉంది.

అప్పటినుంచే హాలీ చెట్టుకు కింది ఆకులకు ముళ్ళు, పై ఆకులు నున్నన. జింక మూతి అందినంతవరకే హాలీ భయం. ఆ పైనంతా ఆగ్నెసమ్మదే.