హైమ కోత

హైమ కడప బస్టాండులో దిగేసరికే మండిపోతూ ఉంది. ఎక్కడికని అడిగిన పాపానికి ఆటో అతన్ని కూడా కసిరింది. దర్గా సందులో దస్తగిరి మాస్టరు అంగడి ముందు దిగి, చెప్పులు తలొక దిక్కుకు విడిచి లోపలికొచ్చింది.

దస్తగిరి మాస్టరు ఆడవాళ్ళ బట్టలు కుట్టే మనిషి. డెబ్బై దాటాయి. హైమ పదహారేళ్ళప్పుడు ఆయన దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకుంది. ఇప్పుడామెకు నలభై రెండు. హైదరాబాదులో 'పికిలి' అనే బట్టల కంపెనీకి పన్నెండేళ్ళుగా పెద్ద డిజైనరు. పోయిన నెల దాకా.

"కూచో బేటీ," అన్నాడు మాస్టరు మిషను ఆపకుండా.

"నేను కూచోను."

"అట్లయితే నిలబడు."

హైమ నిలబడే మొదలుపెట్టింది.

"పికిలిని నేను చేతికి తీసుకున్నప్పుడు దాన్ని అడిగే నాథుడు లేడు మాస్టరూ. షోరూములో ఈగలు తోలుకుంటా ఉండిరి. దానికొక పేరు తెచ్చింది నేను. ఆ పేరుతో వాళ్ళు ఊరూరా అంగళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు నన్నే బయటికి పొమ్మన్నారు. ఎదురుగా పిలిచి చెప్పే ధైర్యం కూడా లేదు వాళ్ళకు. మెయిలు పంపించారు!"

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అంతకుముందు పికిలిలో జరీ పనితో గోనెసంచంత బరువుండే బట్టలు అమ్మేవాళ్ళు. హైమ వచ్చి ఆ బరువంతా ఊడబీకింది. ఒంటికి అతుక్కున్నట్టుండే సన్నని కుర్తా కత్తిరించింది. ఒక సినిమా అమ్మాయి దాన్ని వేసుకుని ఫోటో దిగింది. వారం తిరక్కుండా షోరూము బయట వరసలు కట్టారు. అంగడికొచ్చిన వాళ్ళు పికిలి కుర్తా అనడం మానేసి, 'హైమ కోత' ఉందా అని అడిగేవాళ్ళు. ఒక మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఆ తర్వాత రెండేళ్ళ కింద ఎవరో ఎక్కడో వదులు చొక్కా వేసుకుని ఫోటో దిగారు. అంతే. నిన్నటిదాకా బిగుతే అందమన్న నోళ్ళే, బిగుతు బట్టలు వేసుకునేవాళ్ళని ఏ కాలం మనుషులో అన్నట్టు చూశాయి. అమ్మకాలు పడిపోయాయి. పోయినేడు యజమాని ముంబై నుంచి ఇరవై ఏడేళ్ళ కుర్రాణ్ణి తెచ్చి హైమ కుర్చీలో కూచోబెట్టి, ఆమెను పేరుకు మాత్రం పెద్ద డిజైనరుగా ఉంచాడు. ఆ కుర్రాడు ఇద్దరు పట్టేంత వదులు చొక్కాలు చేసి, మెడ లోపల గోరంత ఉండే పికిలిపిట్ట గుర్తును తీసుకొచ్చి గుండెల మీద అరచెయ్యంత వేశాడు. మళ్ళీ వరసలు కట్టారు. అవే మనుషులు, అదే గుమ్మం.

ఈ వ్యాపారం తీరు తలుచుకుంటే నాకూ ఒళ్ళు మండుతుంది. పన్నెండేళ్ళు చేతులు కాయలు కాచేలా పనిచేసి ఒకామె నిలబెట్టిన పేరు ఒక్క ఎండాకాలం తిరిగేసరికి పాతసామాను. పోనీ కొత్తది మేలైనదా అంటే అదీ లేదు, కొత్తది, అంతే. పాతవాళ్ళు మంచి చేశారా చెడు చేశారా అని ఒక్కరూ అడగరు.

"వాడు పత్రికలో ఏమన్నాడో తెలుసా?" అంది హైమ. "పికిలిని కట్లు విప్పి బయటికి తెచ్చాడంట! నేను కట్టేసి పెట్టినానంట! నా ఫోటో గోడ మీంచి తీసి మెట్ల కింద పడేశారు. నేనే పోయి తెచ్చుకున్నా. సిగ్గు లేదు వాళ్ళకు. కొనేవాళ్ళకు అంతకన్నా లేదు. నా బట్ట వేసుకుని అద్దంలో మురిసిపోయిన వాళ్ళు ఒక్కరంటే ఒక్కరు, హైమ ఏమైందని అడగలేదు."

మాస్టరు మిషను ఆపాడు. దారాన్ని పంటితో కొరికాడు.

"ఇప్పుడేం చేస్తావు?"

దీనికోసమే ఆమె అంత దూరం వచ్చింది. "వాళ్ళ షోరూముకు ఎదురుగ్గానే అంగడి తీసుకుంటాండా. నా పేరే బోర్డు మీద. సంవత్సరం తిరిగేలోగా వాళ్ళ షట్టరు దింపిస్తా. మీరు నాతో రావాల మాస్టరూ. కటింగు మీ చేతి కిందే జరగాల. దస్తగిరి మాస్టరే నాకు నేర్పినాడని లోకానికంతా చాటిస్తా. సాయంత్రం రైలుకు మీకు కూడా టికెట్టు తీసినా. మీరు రానంటే..." అని ఆగింది. "మీరు కూడా రానంటే ఇంక నాకెవరూ లేరు."

చివరి మాట దగ్గర కోపం కాస్తా ఏడుపైంది. ముఖం పక్కకు తిప్పుకుంది.

మాస్టరు మిషను దగ్గర నుంచి లేచాడు.

"నాలుగింటికి ఇయ్యాల్సిన పని ఒకటుండాది," అన్నాడు. "నువ్వొక చెయ్యేస్తే తొందరగా అయితాది. ఆ పైన నీ మాట."

ప్లాస్టిక్ సంచీలోంచి ఒక కుర్తా తీసి ఆమె చేతిలో పెట్టాడు. నెమలిపింఛం రంగు. మెడ చుట్టూ సన్నని నల్ల అంచు.

హైమ కళ్ళు తుడుచుకుంది. ముఖంలో వెలుగొచ్చింది.

"ఇది నాదే! మూడో ఏడు చేసిన కోత మాస్టరూ ఇది!" గబగబా మెడ లోపలికి చూసింది. గోరంత పిట్ట ఉంది. "చూడండి, భుజం ఎట్లా కూచుందో. ఇన్నేళ్ళయినా రవ్వంత జారలేదు. ఈ పని ఆ కుర్రాణ్ణి చెయ్యమనండి చూద్దాం!"

"బాగుండాది," అన్నాడు మాస్టరు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. "పక్కలు రెండు వేళ్ళు వదులు చెయ్యాల. విప్పు."

బ్లేడు అందించాడు. హైమ పక్కనున్న స్టూలు మీద కూచుని ఒడుపుగా కుర్తాను తిరగేసింది. చంక నుంచి నడుము దాకా పక్క కుట్టు మీద వేలు పోనిచ్చింది. వేలు మధ్యలో ఆగింది. రెండో పక్క చూసింది. బ్లేడు మెల్లగా కింద పెట్టింది.

"ఏమైంది?"

"లోపల బట్ట లేదు."

"ఒక వేలన్నా లేదా?"

"లేదు మాస్టరూ."

"సరిగ్గా చూడు."

చూడాల్సిన పని లేదు. ఆమెకు తెలుసు. మూడో ఏడు ఫ్యాక్టరీలో కటింగు చూసే నరసింగరావు వచ్చి, "మేడం, కుట్టు లోపల ఒక వేలన్నా వదులుదాం, పాపం రేపు వదులు చేసుకోవాలన్నా ఉంటుంది," అన్నాడు. "లోపల బట్ట ఉంటే పక్క ఉబ్బుతుంది," అందామె. "అయినా పట్టకపోతే ఇంకోటి కొనుక్కుంటారు లెండి." ఆ మాటకు గదిలో అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది.

"అప్పుడు ట్రెండ్ అట్లా ఉండింది మాస్టరూ," అంది. గొంతు ఇందాకటంత పెద్దగా లేదు. "అందరూ అట్లనే కత్తిరిస్తా ఉండిరి."

 మాస్టరు పక్కనున్న కుప్పలోంచి ఒక పాత జాకెట్టు తీసి, తిరగేసి, ఆమె ఒళ్ళో పెట్టి మళ్ళీ మిషను దగ్గరికి పోయాడు.

జాకెట్టు పక్కన ఒకదాని వెంబడి ఒకటి మూడు కుట్ల గుర్తులున్నాయి. మూడుసార్లు విప్పి మూడుసార్లు వదులు చేశారు. అప్పటికీ లోపల అర వేలు మిగిలి ఉంది. ఆ బట్ట ఎవరిదో హైమకు తెలీదు. కానీ ఆ మనిషి ఎప్పుడెప్పుడు లావెక్కిందో, ఎన్నేళ్ళు ఆ జాకెట్టు వదల్లేదో ఆ గుర్తుల్లో తెలుస్తూనే ఉంది.

గుమ్మంలో అలికిడైంది. ఖాకీ చీర కట్టుకున్న బస్సు కండక్టరు ఒకామె, భుజాన సంచీతో, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది.

"అయిందా మాస్టరూ?"

"ఎక్కడ పెంచలమ్మా? దీన్ని కుట్టినోళ్ళు లోపల నూలుపోగంత కూడా వదల్లేదు."

పెంచలమ్మ ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత ఎర్రబడింది.

"ఎవురు మాస్టరూ వాళ్ళు? బట్ట వేసుకునేది మనిషి కాదా? బొమ్మా? నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నా. మా ఇంట్లో అంత మంచి బట్ట ఇంకోటి లేదు. ఏ పండగొచ్చినా అదే. బిడ్డ పుట్టినాక పక్కలు పట్టేసినాయి. ఏదో ఒకటి చేసిస్తారని హైదరాబాదు పోయినప్పుడు ఆ అంగడికే తీసుకపోయినా. అక్కడి పిల్ల దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకునింది మాస్టరూ, ఎలకను పట్టుకున్నట్టు. 'ఇది పాత డిజైనరుదండీ, ఇప్పుడెవరూ వేసుకోవట్లేదు, పారేసి కొత్తది తీసుకోండి' అనింది. పారేసేదానికా నేను కొనుక్కునింది? నాకు కొత్తదొద్దు. డిజైనరు పాతదయితే నాకేమి, కొత్తదయితే నాకేమి? నాకు ఇదే గావాల!"

హైమ తల ఎత్తింది. ఈ నెలంతా ఆమె అనాలనుకున్న మాటలన్నీ, పికిలి వాళ్ళని అనాల్సిన మాటలన్నీ, ఇక్కడ ఇంకొకరి నోట్లోంచి వస్తున్నాయి. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

కానీ పెంచలమ్మ ఇంకా ఆపలేదు.

"వాళ్ళేదో పాడు మనుషులనుకుంటే, దీన్ని మొదట కత్తిరించిన మహాతల్లి ఇంకా పాడు మనిషి! ఆడది కాదా ఆమె? ఒళ్ళు ఎప్పుడూ ఒకే తీరున ఉండదని తెలీదా? రెండు వేళ్ళ బట్ట వదిలితే ఆమె సొమ్మేం పోయింది? ఎదురుగా కనబడితే అడుగుతా నేను."

అంగట్లో మిషను చప్పుడు ఆగింది.  మాస్టరు హైమ వైపు చూడలేదు. సూది రంధ్రంలో దారం ఎక్కిస్తూ కూచున్నాడు. ఆయన ఒక్క మాట అని ఆదుకుంటాడేమోనని హైమ చూసింది. లేకపోతే మాట మారుస్తాడేమోనని చూసింది. ఆయన దారం పనిలోనే ఉన్నాడు.

హైమ లేచి నిలబడింది.

"నేనేనమ్మా," అంది.

"నువ్వేంది?"

"దాన్ని కత్తిరించింది నేనే."

పెంచలమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. పేరు అడగలేదు. పేరు చెప్పినా ఆమెకు తెలిసేది కాదు. హైమ కోత అన్న మాట ఆమె ఎన్నడూ విననేలేదు.

"సరే," అంది చివరికి. కోపం తగ్గలేదు గానీ గొంతు తగ్గింది. "ఇప్పుడేం చేస్తావు?"

ఇందాక మాస్టరు అడిగిన మాటే. ఇందాక గడగడా చెప్పిన హైమ ఈసారి ముందు కుర్తా పక్కను వేళ్ళతో కొలిచి చూసుకుంది.

"చంక నుంచి కింది దాకా వేరే పట్టీ వేస్తా. రంగు కలిసేది వెతుకుతా. కానీ అతుకు కనబడుతుంది."

"కనబడనీ. బిడ్డనెత్తుకోను చెయ్యి లేస్తే చాలు."

మాస్టరు గోడ గడియారం చూశాడు.

"హైమా, రైలుకు టైమవుతాది. హైదరాబాదు సంగతి చెప్తాంటివి."

 హైమ ఆయన మెడలో వేలాడుతున్న టేపు తీసుకుని పెంచలమ్మ ముందుకు పోయి నిలబడింది.

"చేతులు కొంచెం ఎత్తమ్మా," అంది.