కోటిలింగం మింగేసిన మూడో లొసుగు

అనగనగా ఒక కొండ, కొండ కింద ఒక అడవి, ఆ అడవిలో కోటిలింగం అని ఒక ఏదుపంది. ఒళ్ళంతా ముళ్ళు, మాట మాత్రం తేనె. అతనికి రెండు బొరియలు ఉండేవి. కొండవాలులో ఉన్నది సొంత కాపురానికి. వాగు పక్కన ఉన్నది అద్దెకి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ముందుగా గడప దగ్గర నిలబడి, ఆ ఇంటి లొసుగులన్నీ పైకి చెప్పాలి. దాన్ని ‘గడపమాట’ అంటారు. సాక్షిగా ముసలి తాబేలు మంగపతి తాత కూర్చుంటాడు. ఏదైనా దాచినట్టు తర్వాత బయటపడిందా, అంతే సంగతులు! అద్దెకొచ్చినవాళ్ళు యజమాని ఇంట్లోకి వెళ్ళిపోతారు. యజమాని వచ్చి ఆ లొసుగుల ఇంట్లో ఉండాలి, ఇంకెవరైనా వచ్చి అందులో చేరేదాకా.

ఒకరోజు కుందేలు రత్తమ్మ వచ్చింది. పాపం, నిండు చూలాలు.

"బాబాయ్, నేడో రేపో నా కాన్పు. వానలు ముంచుకొస్తున్నాయి. పిల్లలకి పొడిగా ఉండే చోటు దొరికితే చాలు" అంది.

"దానికేం భాగ్యం అమ్మాయ్!" అన్నాడు కోటిలింగం. అద్దె కింద వచ్చే చిలగడదుంపలు అప్పుడే అతని కళ్ళముందు మెదిలాయి.

మంగపతి తాత నింపాదిగా వచ్చి కూర్చున్నాడు. "కానీ నాయనా, గడపమాట చెప్పు" అన్నాడు.

"ఒకటి, గుమ్మం ఇరుకు. లావుపాటివాళ్ళు కష్టపడి దూరాలి."

"ఫరవాలేదు, నేను సన్నమే కదా" అంది రత్తమ్మ, పొట్ట లోపలికి బిగబట్టి.

"రెండు, ముందుగదిలో చీమలు."

"దులుపుకుంటాను బాబాయ్."

మూడోది కోటిలింగం గొంతుదాకా వచ్చింది. గట్టివాన పడితే వాగునీళ్ళు వెనకగదిలోకి వచ్చేస్తాయి. ఏటేటా వస్తాయి. చెబితే రత్తమ్మ వెళ్ళిపోతుంది. ఆమెతోపాటు దుంపలూ వెళ్ళిపోతాయి. కోటిలింగం గుటుక్కున ఆ మాట మింగేశాడు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు తాత.

"లేదు తాతా."

"బాగా ఆలోచించుకుని చెప్పు."

"ఛఛ, ఇంకేముంటాయి?"

"ఆఖరిసారి అడుగుతున్నాను."

"నా ముళ్ళ మీద ఒట్టు!"

అక్కడితో ఆగాడా? లేదు. "పిల్లల్ని వెనకగదిలో పడుకోబెట్టు అమ్మాయ్, వెచ్చగా ఉంటుంది" అని సలహా కూడా ఇచ్చాడు. ఎంత గుండెలు తీసిన బంటో చూశారా!

రత్తమ్మకి అయిదుగురు పిల్లలు పుట్టారు. ఇంకా కళ్ళైనా తెరవలేదు. నాలుగోనాడు మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కొట్టింది. వెనకగదిలోకి నీళ్ళు బుడబుడా వచ్చేశాయి. రత్తమ్మ ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని గట్టు మీదికి చేర్చింది. అయిదోవాణ్ణి తెచ్చేసరికి నీళ్ళు ఆమె గొంతుదాకా వచ్చాయి. అందరూ బతికి బయటపడ్డారు.

కేకలు విని కోటిలింగం పరుగెత్తుకొచ్చాడు. తడిసి ముద్దైన ఆ అయిదుగురు పిల్లల్నీ చూశాడు.

"బాబాయ్, తెలిసే చెప్పలేదా?" అని అడిగింది రత్తమ్మ.

కోటిలింగం తల దించుకున్నాడు. నిజంగానే సిగ్గేసింది.

ఆచారం ఆచారమే. రత్తమ్మ పిల్లలతో కొండవాలు ఇంటికి వెళ్ళింది. కోటిలింగం వాగు పక్క ఇంట్లో దిగాడు. అక్కడ పడుకుంటే నీళ్ళు, లేస్తే బురద. ముందుగదిలో మిగిలిన పొడిచోటంతా చీమలదే. ఎలాగైనా ఎవరో ఒకర్ని ఈ ఇంట్లో చేర్చి బయటపడాలి. అతనికి అదొక్కటే ధ్యాస.

మర్నాడు ఒక కప్ప వచ్చింది. "ఇల్లు అద్దెకిస్తారటగా? ఎలా ఉంటుందండీ?"

సిగ్గు పడ్డాడు గానీ బుద్ధి రావద్దూ! కోటిలింగం ముళ్ళన్నీ విప్పి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, లోపల ఏమీ కనపడకుండా. "అద్దంలాంటి ఇల్లండీ. మందుకైనా చుక్క నీరుండదు!"

"అయ్యో, ఉండదా?" కప్ప ముఖం చిన్నబోయింది. "అయితే వద్దులెండి" అని గెంతుకుంటూ పోయింది.

నాలుగు రోజులకి ఒక ఎండ్రకాయ వచ్చింది. "ఏమండీ, తేమ ఉంటుందా?"

"తేమా? రామరామ! ఎండుగడ్డి పెట్టుకోవచ్చు."

"మరి మీ కాళ్ళకి ఆ బురదేంటి?"

"ఇదా... ఇప్పుడే తోటపని చేసొచ్చాను."

ఎండ్రకాయ నిట్టూర్చి, పక్కవాటుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తొమ్మిదోరోజుకి కోటిలింగానికి జలుబు చేసింది. తుమ్మినప్పుడల్లా ఒక ముల్లు ఊడిపోతోంది. అప్పుడు ఒక నీటికుక్క వచ్చి, "ఇల్లు ఎలా ఉంటుంది మావా?" అని అడిగింది.

కోటిలింగానికి ఓపిక చచ్చిపోయింది. "హాచ్! ఎలా ఉంటుందా? గుమ్మం ఇరుకు. ముందుగదిలో చీమలు. వెనకగదిలో మోకాటిలోతు నీళ్ళు. ఒక్క వాన పడిందంటే వాగంతా లోపలే. పసిపిల్లలుంటే అసలు రావద్దు. చాలా? ఇక వెళ్ళు నాయనా!"

నీటికుక్క కళ్ళు మెరిశాయి. "వాగు ఇంట్లోకే వస్తుందా? చేపలు కూడానా?"

"వస్తాయి. నిన్న ఒకటి నా చెవి కొరికింది."

"తాతని పిలువు మావా, ఇప్పుడే దిగిపోతాను!"

మంగపతి తాత వచ్చాడు. కోటిలింగం మూడు లొసుగులూ మళ్ళీ గట్టిగా చెప్పాడు. ప్రతిదానికీ నీటికుక్క సంబరంగా తలూపింది.

ఈ సంగతి తెలిసి కప్ప పరుగున వచ్చింది. కోపంతో దాని గొంతు బుసబుసా ఉబ్బిపోతోంది. "ఏమయ్యా పెద్దమనిషీ! నీళ్ళున్నాయని ఆరోజే ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయేది? అప్పుడే దిగిపోయేదాన్ని కదా!"

కోటిలింగం బురదలో చతికిలబడి ఆలోచించాడు. ఎనిమిది రోజులు! జలుబు, చీమలు, చేప కాటు, ఊడిపోయిన ముళ్ళు. అన్నీ ఊరికే.

"తప్పు నాదే తల్లీ" అన్నాడు. ఈసారి తుమ్ము కూడా అడ్డు రాలేదు.

నీతి: ఇంటి లొసుగు ముందే చెబితే, ఆ ఇల్లు సరిపడేవాళ్ళే వస్తారు, దాచిపెడితే, వచ్చినవాళ్ళకీ కష్టమే, దాచినవాళ్ళకీ కష్టమే.