తారుమారైన రెండు లైన్లు

పరాంకుశంగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు అడిగిన ప్రశ్న చిన్నదైతే అప్పటికప్పుడే జవాబు చెప్పేవారు. పెద్దదైతే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "చూద్దాం" అనేవారు. ఆ చూడడానికి ఒక్కోసారి వారం పట్టేది. ముప్పై ఏళ్లు ఒక పరిశోధన సంస్థలో కెర్నెల్ రాసి రిటైరయ్యాక, విశాఖపట్నంలో ఒక మేడ మీది గది అద్దెకు తీసుకుని ఆ విద్యే నేర్పుతుండేవారు. కంప్యూటర్లో మెమొరీ అంతా కెర్నెల్ అనే మూల ప్రోగ్రాము అధీనంలో ఉంటుంది. ఏ చోటు ఎవరికివ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో నిర్ణయించేది అదే.

ఆయన దగ్గర రెండేళ్లుగా నేర్చుకుంటున్న నస్రీన్‌కు ఆ వానాకాలం ఒక మంచి పని దొరికింది. పరికరాలను నడిపే డ్రైవర్లనే ప్రోగ్రాములు కెర్నెల్‌ను మెమొరీ ఎలా అడగాలి, ఎలా తిరిగివ్వాలి అన్న పద్ధతిని ఆమె రూపొందించాలి. డ్రైవర్లు రాసేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు. వాళ్ల చేతికి ఈమె ఇచ్చే ఫంక్షన్లే దిక్కు. నస్రీన్ రెండు ఫంక్షన్లు పెట్టింది. ఒకటి పరికరాన్ని ఆపుతుంది, రెండోది చోటు తిరిగిస్తుంది. ఆపకుండా తిరిగిచ్చేస్తే పరికరం ఆ చోట్లో ఇంకా రాస్తూనే ఉంటుంది. అప్పటికి ఆ చోటు మరో పనికి వెళ్లిపోయి ఉంటుంది. ఏం చెరిగిపోతుందో, ఎప్పుడు బయటపడుతుందో ఎవరికీ తెలియదు. ఈ సంగతంతా ఆమె డాక్యుమెంటులో విడమరిచి రాసింది.

పరాంకుశంగారు అంతా చదివి, "రెండూ ఒకే ఫంక్షనులో పెట్టకూడదా?" అన్నారు.

"ఒకసారి ఆపి, పది చోట్లు కలిపి ఇచ్చేసే వీలు పోతుంది సార్. పని నెమ్మదిస్తుంది. నేను హెచ్చరిక రాశాను కదా. చదవకుండా ఎవడో తప్పు చేస్తే, ఆ తప్పు నాదెలా అవుతుంది?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఆ ఆదివారం పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని శృంగవరపుకోట వైపు బస్సెక్కారు. దారంతా ముసురు. ఆయన చేతిలో ఒక కవరుంది. మోకాళ్ల మీద పెట్టుకుని, తడవకుండా రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చున్నారు. "ఎవరి దగ్గరికి సార్?" అని అడిగితే, "ఒక డ్రైవరు రాసినాయన. దాలినాయుడని, నాతో పనిచేసేవాడు" అన్నారు. అజాగ్రత్తకు ఒక ఉదాహరణ చూపించబోతున్నారని నస్రీన్ అనుకుంది.

రోడ్డు వార రేకుల కొట్టు. కాలిపోయిన బోరు మోటార్లు గుమ్మం దాకా పరిచి ఉన్నాయి. లోపల యాభై దాటిన మనిషొకడు స్టూలు మీద కూర్చుని మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. తలెత్తి పరాంకుశంగారిని చూశాడు. చేతిలో తీగతోనే లేచి నిలబడ్డాడు.

"సార్! మీరా?"

"నేనేనయ్యా. నా స్టూడెంటు, నస్రీన్."

దాలినాయుడు కుర్చీ తుడిచి ఆయనకు వేశాడు, స్టూలు ఆమెకు జరిపాడు. పక్క బడ్డీ నుంచి టీలు తెచ్చాడు. ఆయన ఆరోగ్యం అడిగాడు. తర్వాత, వచ్చిన పనేమిటో తనకు తెలిసినట్టే, నస్రీన్ వైపు తిరిగి తనంతట తానే మొదలుపెట్టాడు.

"నా గురించి సారు చెప్పే ఉంటారమ్మా. మా సంస్థ ఒక వాగు మీద నీటిమట్టం కొలిచి, ప్రమాదమైతే సైరన్ మోగించే యంత్రం పెట్టింది. దానికి డ్రైవరు నేనే రాశాను. మూడేళ్లు బాగానే పనిచేసింది. ఒక సంత రోజు కొండల్లో వాన పడి వాగు పొంగింది. సైరన్ మోగలేదు. మోగలేదు కాబట్టి జనం వాగు దాటే కాజ్‌వే మీద నడిచి వస్తున్నారు. ఐదుగురు పోయారు." అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "చోటు తిరిగిచ్చేశాక పరికరాన్ని ఆపాను నేను. ఆపి ఇవ్వాల్సింది. రెండు లైన్లమ్మా, తారుమారయ్యాయి. ఎంత మట్టం దగ్గర సైరన్ మోగాలో ఆ అంకె ఒక చోట ఉంటుంది కదా, యంత్రం సరిగ్గా దాని మీదే రాసేసింది. డాక్యుమెంటులో హెచ్చరికుంది. నేనే చూసుకోలేదు. ఉద్యోగం తీసేశారు. న్యాయమే."

బస్సులో నస్రీన్ అనుకున్న ఉదాహరణ ఇదే. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి గోళ్లలో రాగి పొడి, తన తప్పు తానే అప్పజెప్పిన ఆ తీరు చూస్తుంటే ఆమెకు తలెత్తాలనిపించలేదు.

పరాంకుశంగారు టీ ముట్టుకోలేదు. కవరు తీసి దాలినాయుడి ముందు పెట్టారు.

"ఆ రెండు ఫంక్షన్లూ పెట్టింది నేను. విచారణ కమిటీ ముందు ఆ హెచ్చరిక చదివి వినిపించింది కూడా నేనే. అది నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. విచారణ ముగిసిన నెలకు, అవే ఫంక్షన్లు వాడిన డ్రైవర్లన్నీ తీసి చూశాను. నీది కాక పంతొమ్మిది. అందులో ఏడింటిలో ఆ రెండు లైన్లూ నీలాగే తారుమారుగా ఉన్నాయి. రాసినవాళ్లు ఏడుగురు. అందరూ నీకన్నా సీనియర్లే. వాళ్ల యంత్రాలు రాసింది ఎవరికీ పట్టని చోట పడింది. నీది సైరన్ మీద పడింది. నేను రెండు ఫంక్షన్లూ కలిపి ఒకటి చేసి, చడీచప్పుడు లేకుండా అన్నీ సరిదిద్దేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అదంతా రాసి సంతకం పెట్టాను. సంస్థకు ఒక కాపీ పంపించాను. ఇది నీది."

దాలినాయుడు కాగితం విప్పి మెల్లగా చదివాడు. చదవడం అయ్యాక మళ్లీ మొదటికి వెళ్లాడు. రేకుల మీద వాన చప్పుడు పెరిగింది.

"పన్నెండేళ్లయింది సార్," అన్నాడు చివరికి.

"అవును."

"దీంతో ఏటి చెయ్యమంటారు?"

"నీ పేరు మీద పడిన మచ్చ..."

"నా పేరు సంగతి కాదు సార్." అతని గొంతు పెరగలేదు. "ఉద్యోగం పోయిన వారానికి ఆ వాగు పక్క ఊరెళ్లాను. ఐదిళ్ల ముందూ నిలబడి, తప్పు చేసింది నేనేనని చెప్పుకున్నాను. తిట్టారు. ఒక ముసలామె నా చొక్కా పట్టుకుని కొట్టింది. కొట్టనిచ్చాను. ఆమె ఇప్పుడు లేదు. తప్పు నా ఒక్కడిదే కాదని ఇప్పుడు ఎవరికి చెప్పమంటారు?"

పరాంకుశంగారి చెయ్యి కళ్లజోడు దాకా వెళ్లి, దాన్ని తియ్యకుండానే దిగింది.

దాలినాయుడు కాగితాన్ని మడతల మీదే మడిచి, కవరులో పెట్టి, పనిముట్ల పెట్టె అడుగున దాచాడు. పారెయ్యలేదు, కృతజ్ఞతలూ చెప్పలేదు. "వాన పెరుగుతోంది, పదకొండింటి బస్సు అందుకోండి సార్" అని, కింద కూర్చుని, ఆగిన చుట్టు దగ్గర్నుంచి మళ్లీ తీగ అందుకున్నాడు. చుట్లు పైకే లెక్క పెట్టుకుంటున్నాడు. వీళ్లు లేచినా ఆ లెక్క ఆపలేదు.

ఇద్దరూ ఒకే గొడుగు కింద రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. కొట్టు కనిపించే వైపు పరాంకుశంగారు చూడలేదు. బస్సు ఎంతకీ రాలేదు. నస్రీన్ ఉండబట్టలేక అడిగింది.

"ఆ ఏడు డ్రైవర్ల సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"ఎవరూ నన్ను అడగలేదమ్మా," అన్నారాయన. "నేను రాసిన హెచ్చరిక అంత స్పష్టంగా ఉంది."