ఆర్కిడ్ వేరు కుండ దాటింది

ఒకప్పుడు ఆర్కిడ్ కూడా అన్ని మొక్కల్లాగే వేళ్ళని మట్టిలో దాచుకుని బతికేది. వేళ్ళు బయటికి కనబడటం అప్పట్లో మొక్కలకి పెద్ద సిగ్గు. మందారాన్ని అడిగినా, బెండ మొక్కని అడిగినా అదే మాట చెప్పేవి. ఆ రోజుల్లో దాన్ని ఆర్కిడ్ అనేవారో, ఇంకేమని పిలిచేవారో ఎవరికీ గుర్తులేదు. మనకి తెలిసిన పేరు ఇదే కాబట్టి మనం ఇదే అనుకుందాం.

ఆ కొండవాలులో ఎర్నమ్మ అనే మంత్రసాని ఉండేది. మంత్రసాని అంటే కాన్పులు చేసే ఆవిడ. ఆడవాళ్ళకి నొప్పులొస్తే ఎర్నమ్మ. మేకకి కష్టమైతే ఎర్నమ్మ. కుందేలు ఈనాలన్నా ఎర్నమ్మ తలుపే తట్టేది.

"నా సేతిలో ఒక్క బాలింత కూడా పోనేదు" అని ఎర్నమ్మ చెప్పుకునేది. అది నిజమే కాబట్టి ఎవరూ కాదనేవారు కాదు. ఆవిడకున్న ఆస్తి అంతా ఆ పేరే.

ఒకనాడు ఆర్కిడ్ వచ్చి ఆ తలుపు తట్టింది. మొక్కలు అవసరం పడితే నడిచే కాలం అది. దాని కాడ నిండా మొగ్గలున్నాయి. ఆ బరువుకి నడవలేక ఆయాసపడుతోంది.

"మామ్మా, నిరుడు నా మొగ్గలన్నీ మేకలు మేసేశాయి. ముందటేడు కోతులు తుంపేశాయి. నా పువ్వుని నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఈసారికి నీ ఇంట్లో పూస్తాను" అంది ఆర్కిడ్.

"ఓసి పిచ్చితల్లీ, దానికి అడగాలేటి? బేగి లోపలికి రా" అంది ఎర్నమ్మ.

వాగు ఒడ్డుకి పోయి మంచి జిగటమట్టి తెచ్చింది. పెద్ద కుండలో ఆర్కిడ్‌ని కూర్చోబెట్టి, వేళ్ళ చుట్టూ మట్టి కూరి, అరచేత్తో గట్టిగా అదిమింది. ఆర్కిడ్ హాయిగా నిట్టూర్చింది. కొద్దిరోజులకి మొగ్గలు విచ్చుకున్నాయి. లేత ఊదారంగు పువ్వులు, మధ్యలో పసుపు చుక్క. ఆర్కిడ్ తన పువ్వుల్ని చూసుకుని మురిసిపోయింది.

ఎర్నమ్మ అంతకంటే మురిసింది. వెంటనే కొంగు బిగించింది. ఎందుకంటే ఆవిడ లెక్కలో ఆర్కిడ్ ఇప్పుడు బాలింత. బాలింతని ఎలా చూసుకోవాలో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బాలింతకి గాలి సోకకూడదు. అందుకని కిటికీ మూసింది, గడియ వేసింది. తలుపు సందుల్లో గుడ్డపేలికలు కూరింది. నిప్పుల మీద సాంబ్రాణి వేసి గదంతా పొగ పెట్టింది. ఇక చెవుల్లో దూది పెట్టాలి.

"అమ్మీ, నీ సెవులేవీ?" అని అడిగింది.

"ఏమో మామ్మా, వాటితో ఎప్పుడూ అవసరం పడలేదు" అంది ఆర్కిడ్.

ఎర్నమ్మ కుండ చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా చెవుల్లాంటివి కనబడలేదు. ఎందుకైనా మంచిదని ఆకు ఆకుకీ మధ్యనున్న ప్రతి సందులోనూ దూది పెట్టేసింది. ఆకులన్నీ కలిసేచోట గుంటలా ఉంది. అదే నడినెత్తి అనుకుని, పొద్దునా సాయంత్రం దాని మీద గోరువెచ్చని నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

అది ఆషాఢం. వాన వచ్చేలా ఉంటుంది, రాదు. ఆకాశం కిందికి దిగినట్టుండి ఒకటే ఉక్కపోత. గోడలకి చెమట పట్టింది. వంటింట్లో ఉప్పు నీరుకారింది. ఆరేసిన చీర పొద్దుగూకినా ఆరడం లేదు. అలాంటి రోజుల్లో ఆ మూసిన గది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆర్కిడ్ పూసిందన్న సంగతి తెలిసి గాలి వచ్చి కిటికీ తట్టింది.

"ఎర్నమ్మత్తా, ఒక్కసారి పువ్వుల్ని చూసి పోతాను."

"బాలింత గదిలో నీకేటి పని? నీకంటే పెద్ద శత్రువు బాలింతకి ఇంకోటున్నాదేటి?" అంది ఎర్నమ్మ లోపలినుంచే.

"అడవిలో రోజూ దాని పక్కన ఉండేదాన్ని నేనే కదా."

"అడివి అడివే, ఇల్లు ఇల్లే. నడు."

గాలికి మనసు చివుక్కుమంది. పోయి ఎదురుగా ఉన్న పనసచెట్టు ఎక్కి, మూతి ముడుచుకుని కూర్చుంది. ఒక్క ఆకు కూడా కదపలేదు. దాంతో ఊళ్ళో ఉక్క మరింత ఎక్కువైంది.

గాలికి దొరకని దారి బూజుకి దొరికింది. ఊరగాయ మీద తెల్లగా పడుతుందే, ఆ బూజు. అన్ని సందులూ మూసి ఉంటే ఎలా వచ్చిందో ఏమో, మూలనుంచి మెల్లగా పలకరించింది.

"వదినా, గదిని ఎంత బాగా ఉంచావు. వెచ్చగా ఉంది, చెమ్మగా ఉంది, గాలి చొరబడే సందే లేదు. నాకిక్కడినుంచి కదలబుద్ధి కావడం లేదు."

మెచ్చుకోలు ఎవరికి చేదు? ఎర్నమ్మ పొంగిపోయింది. "నువ్వొక్కదానివే నా కష్టం తెలుసుకున్నావు, కూకో" అంది. బూజు కూర్చుంది.

ఆ తర్వాత ఎర్నమ్మకి అర్థం కానివి జరగడం మొదలయ్యాయి.

ముందు ఒక ఆకు మొదట్లో నీటి మరకలాంటి మచ్చ కనబడింది. మర్నాటికి అది గోధుమరంగుకి తిరిగి, వేలు పెడితే లోపలికి దిగబడిపోయింది. గదిలో అదోరకం వాసన. చలి సోకిందేమోనని ఎర్నమ్మ ఇంకాస్త సాంబ్రాణి వేసింది. ఆకు ఊడి చేతిలోకి వచ్చింది.

మిగతా ఆకులు వాడిపోయాయి. దాహమేమోనని నీళ్ళు పోసింది. ఇంకా వాడాయి. ఇంకా పోసింది. నీళ్ళు పోసేకొద్దీ వాడుతోంది, వాడేకొద్దీ ఆవిడ నీళ్ళు పోస్తోంది. ఎందులో తప్పుందో ఎంత ఆలోచించినా ఎర్నమ్మకి పాలుపోలేదు.

"మామ్మా, ఊపిరాడటం లేదు" అంది ఆర్కిడ్ నీరసంగా.

"బాలింతలందరూ అదే అంటారమ్మీ. నీ ముక్కులో దూది పెట్టనేదు గదా. అసలు ముక్కెక్కడ?"

"కింద. వేళ్ళతోనే నేను ఊపిరి తీసుకునేది. అడవి మట్టిలో నా చుట్టూ ఆకులూ బెరడుముక్కలూ ఉండేవి. వాటి సందుల్లోంచి గాలి వచ్చిపోయేది. ఇక్కడంతా బురద."

వేళ్ళతో ఊపిరి ఏమిటి? ఎర్నమ్మకి ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. బాలింతలకి సంధి కొడితే ఇలాగే పొంతన లేకుండా మాట్లాడతారు. ఆర్కిడ్‌కి సంధి కొట్టిందనుకుని కుండకి గొంగడి కప్పింది.

పువ్వులు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఎర్నమ్మకి అన్నం సహించడం లేదు. ఎన్నడూ లేనిది, తన చేతిలో ఒక బాలింత పోతుందేమోనని భయం పట్టుకుంది. బూజు మాత్రం మూలలోంచి గోడ మీదికి, గోడ మీదినుంచి కుండ మీదికి పాకి, "అంతా బాగానే ఉంది వదినా" అంటోంది.

ఆ గదిలో కూర్చోలేక ఎర్నమ్మ విసనకర్ర తెచ్చుకుంది. ఆర్కిడ్‌కి తగలకుండా అటు తిరిగి కూర్చుని విసురుకునేది. ఒక మధ్యాహ్నం ఇటు తిరిగేసరికి గొంగడి కిందినుంచి ఏదో తొంగి చూస్తోంది. ఆర్కిడ్ వేరు. ఒకే ఒక్క వేరు కుండ అంచు దాటి బయటికి వచ్చింది.

"సిగ్గు నేదేటే నీకు, నలుగురూ సూస్తే ఏటనుకుంటారు?" అని ఎర్నమ్మ దాన్ని మట్టిలోకి నెట్టి, పైన అదిమింది.

పొద్దున్న చూస్తే మళ్ళీ బయట ఉంది. మళ్ళీ నెట్టింది. మళ్ళీ వచ్చింది. గుడ్డ కట్టి ఉంచితే, గుడ్డ పక్కనుంచి దూరి మరీ వచ్చింది. ఏ బాలింతా ఇంత మొండికెయ్యడం ఎర్నమ్మ చూడలేదు.

ఒకరోజు ఆకులు తుడుద్దామని మొక్కని పట్టుకుంటే, అది మొత్తంగా పైకి లేచి వచ్చేసింది. పట్టుకోవడానికి కింద ఏమీ మిగల్లేదు. మట్టిలో ఉన్న వేళ్ళన్నీ కుళ్ళి, మెత్తటి తొక్కలైపోయాయి. ఎర్నమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

బయటికి వచ్చిన ఆ ఒక్క వేరు మాత్రం బొద్దుగా, గట్టిగా, కొసన ఆకుపచ్చగా ఉంది.

ఎర్నమ్మ నేల మీద చతికిలబడింది. కుళ్ళిన వేళ్ళవంక చూసింది, బతికిన వేరువంక చూసింది. తను కప్పి, అదిమి, కాపాడినవన్నీ పోయాయి. తన మాట విననిదొక్కటే మిగిలింది. ఇదెలా జరిగిందో తెలియక, చిన్నపిల్లలా ఏడ్చింది.

"దీన్ని బయటికి రమ్మని ఎవులు సెప్పారే?" అని అడిగింది కళ్ళు తుడుచుకుని.

"ఎవరూ చెప్పలేదు మామ్మా. నువ్వు విసురుకుంటుంటే కాస్త గాలి తగిలింది. అటు వచ్చింది" అంది ఆర్కిడ్. నీరసానికి దాని మాట సరిగ్గా వినబడటం లేదు.

"కంగారుపడకు వదినా" అంది బూజు. "ఇంకో చెంబు నీళ్ళు పొయ్యి. తలుపు ఇంకాస్త బిగించు. అదే సర్దుకుంటుంది."

ఎర్నమ్మ అప్పుడు బూజుని సరిగ్గా చూసింది. వచ్చినప్పుడు గోరంత ఉండేది, ఇప్పుడు గోడంతా అదే.

"ఈ గదిలో ఒళ్ళు సేసింది నువ్వొక్కదానివే" అంది నెమ్మదిగా.

లేచి కిటికీ దగ్గరకి పోయింది. చెమ్మకి చెక్క ఉబ్బి గడియ కదల్లేదు. రోకలి తెచ్చి కొడితేగాని రాలేదు. ఎదురుగా పనసచెట్టు మీద గాలి ఇంకా మొహం అటు తిప్పుకునే ఉంది.

"ఓ గాలమ్మా, ఒక్కపాలి రా" అంది ఎర్నమ్మ.

"శత్రువుతో నీకేం పని?" అంది గాలి.

"నాది తప్పే. మా అమ్మ సెప్పినట్టు సేసేను. మా అమ్మకి వాళ్ళమ్మ సెప్పింది. అందరూ బతికినారు. ఇదొక్కటీ నేను ప్రేమగా సూసుకుంటే సచ్చిపోతన్నాది. నాకేటీ తెలవట్లేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రా."

అంత పేరున్న ఎర్నమ్మ తనకేమీ తెలియదని ఒప్పుకునేసరికి గాలి కోపం కరిగిపోయింది. చెట్టు దిగి కిటికీలో కూర్చుంది.

"వస్తాను. కానీ నేనొక్కదాన్నే ఏం చెయ్యగలను అత్తా? ఆ బురద తీసెయ్. నీళ్ళు పొద్దున్నే పొయ్యి, వేళ్ళకి మాత్రమే పొయ్యి. నెత్తి మీద పొయ్యకు. పొద్దుగూకేలోపు నేను ఆరబెడతాను. సాయంత్రం నువ్వు మళ్ళీ పోస్తే, నా వల్ల కాదు."

"నువ్వు కూడా సుడిగాలిలాగ రాకు మరి. నీరసంగా ఉన్నాది" అంది ఎర్నమ్మ. ఎంతైనా మంత్రసాని కదా.

ఆవిడ ఆకుల సందుల్లోంచి దూది లాగింది. ప్రతి ఉండనుంచీ గోధుమరంగు నీళ్ళు కారాయి. బొడ్డు కోసే కత్తిని నిప్పుల్లో కాల్చి, చల్లారనిచ్చి, కుళ్ళినదాన్నంతా కోసేసింది. కోసినచోట పసుపు అద్దింది. వెదురుబుట్టలో బొగ్గులూ బెరడుముక్కలూ వేసి, వాటి మీద ఆర్కిడ్‌ని కూర్చోబెట్టి, ఎండ నేరుగా పడకుండా కిటికీ పక్కన వేలాడదీసింది. ఉన్నవి రెండు ఆకులూ, ఒక వేరూ.

"నాకిక్కడ పడదు" అని బూజు గొణుక్కుంటూ పోయి, పచ్చడి జాడీలో దూరింది.

ఇక చెయ్యడానికేమీ లేదు. ఎర్నమ్మకి అదే చేతకాలేదు. బతుకుతుందో లేదో తెలియదు. సాయంత్రమయ్యేసరికి చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయేది. వెనక్కి లాక్కునేది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం కూడా చూసుకోవడమేనా అని ఆలోచించేది. ఎటూ తేలేది కాదు.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. ఒక పొద్దున్న మొక్క మొదట్లో తెల్లటి మొటిమలాంటిది కనబడింది. కొత్త వేరు. దాని పక్కన ఇంకోటి. తర్వాత ఒక లేత ఆకు పుట్టింది. నిటారుగా పెరిగితే మళ్ళీ నెత్తిన నీళ్ళు నిలుస్తాయని కాబోలు, అది పుడుతూనే పక్కకి ఒరిగింది. పడిన చుక్క పడినట్టే జారిపోయింది.

"అమ్మీ, బాగైపోయావు. మంచి మట్టి తేవాలేటి?" అంది ఎర్నమ్మ.

"వద్దు మామ్మా. నేనింక మట్టిలోకి పోను."

"మిగతా మొక్కలు నవ్వుతాయే."

"నవ్వనీ. నాకు ఊపిరాడుతోంది" అంది ఆర్కిడ్.

ఆ నెలలోనే పక్కింటి పారమ్మకి ఎర్నమ్మ కాన్పు చేసింది. ఆడపిల్ల. తల్లికి చెమటలు కారిపోతున్నాయి. ఎర్నమ్మ అలవాటు కొద్దీ కిటికీ మూయబోయి, గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఇది మొక్క కాదు, మనిషి. మరి మనిషికి ఏది మంచిది? ఎంతకీ తేలక, పారమ్మనే అడిగింది.

"అమ్మా, గాలి కావాలా, వొద్దా?"

ఇన్నేళ్ళలో ఏ బాలింతనీ ఎర్నమ్మ ఆ మాట అడగలేదు. పారమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొంచెం కావాలి మామ్మా" అంది.

అప్పటినుంచే ఆర్కిడ్ వేళ్ళు సిగ్గు మానేసి గాలిలో వేలాడుతున్నాయి. దాని ఆకులు పక్కకి ఒరుగుతాయి. గాలాడని గదిలో ఉక్కరోజుల్లో నీళ్ళు నిలిస్తే చాలు, అది కుళ్ళిపోతుంది. ఎంత మంచి కుండీలో పెట్టినా ఒక వేరు అంచు దాటి బయటికి వస్తుంది. పాపం, దానికేదో అయిందనుకుని మనవాళ్ళు ఇప్పటికీ దాన్ని లోపలికి నెడుతూనే ఉన్నారు. అది మళ్ళీ బయటికి వస్తూనే ఉంది.